అప్పగించిన చోట్లు

పెళ్ళయిన కొత్తలో అద్దెకున్న ఇల్లు డాక్టర్ వారిజకి గుర్తు లేదు. కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ పోపు వాసన నేరుగా మంచం మీదికి వచ్చేదని భర్త సోమశేఖర్ చెబుతుంటే, ఎవరి సంసారం గురించో విన్నట్టు నవ్వుతూ వింటుంది. శ్రీకాకుళం పాత బస్టాండు గుర్తు లేదు. పీజీ పరీక్ష రాసిన హాలూ గుర్తు లేదు. ఏళ్ళ తరబడి వెళ్ళిన బ్యాంకు ఏ వీధిలో ఉందో తెలియక, ఒకనాడు ఎండలో చెమటలు కక్కుతూ తిరిగి తిరిగి, చివరికి మొగుడికే ఫోన్ చేసింది.

సోమశేఖర్ విశాఖ రేవులో పైలట్. బయటి సముద్రంలో ఆగిన ఓడల మీదికి తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కి, వాటిని ఇరుకు కాలువలోంచి రేవులోకి తీసుకురావడం ఆయన పని. "దేశదేశాల ఓడలకి దారి చూపిస్తాను. ఇంట్లో ఓడ మాత్రం నా మాట వినదు" అని వేళాకోళం చేసేవాడు. "ఏ చోటైనా అప్పగించుకో గానీ, మన వీధి జోలికి మాత్రం వెళ్ళకు."

అప్పగించడం అన్న మాట వాళ్ళ ల్యాబులో పుట్టింది. వారిజ పనిచేసే ఆసుపత్రి పై అంతస్తులో, సముద్రం వైపు తెరుచుకునే పొడవాటి గది అది. దాన్ని నడిపేది ఫ్లారెన్స్. మెదడు మీద పరిశోధన చేసే మనిషి. వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పటి నుంచీ వారిజకి స్నేహితురాలు. మనం తిరిగిన చోటు మెదడులో ఎలా నాటుకుంటుందో ఆవిడ కనిపెట్టింది. రోగి కడుపుని స్కాన్ చేసి, దాన్ని ఒక తీగల టోపీ ద్వారా నిద్రపోతున్న డాక్టరు తలలోకి పంపితే, మెదడు దాన్ని బొమ్మ అనుకోదు, తాను తిరిగిన ఊరనుకుంటుంది. డాక్టరు కలలో ఆ కడుపులో సందు సందూ నడిచి వస్తుంది. లేచాక ఆ దారులు మరిచిపోదు, పుట్టి పెరిగిన పేటని ఎవరూ మరిచిపోనట్టే.

చిక్కల్లా ఒక్కటే. కొత్త చోటు కూర్చోవాలంటే పాత చోటొకటి లేవాలి. మొదట్లో ఏది లేచిపోతుందో తెలిసేది కాదు. తర్వాత ఫ్లారెన్స్ పట్టుకుంది, నిద్ర పట్టేముందు మనసు చివరగా ఎక్కడ తిరుగుతుంటే అదే పోతోందని. అప్పటి నుంచి ఆ గదిలో ఒక ఆచారం మొదలైంది. భోజనాలయ్యాక, సముద్రపు గాలికి తెరలు ఊగుతుంటే, వారిజ మంచం మీద వాలి టోపీ పెట్టుకుని, ఇవ్వదలచుకున్న చోటుని గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి పైకే చెబుతుంది. చెబుతూ చెబుతూ మాట మగతలో కలిసిపోతుండగా ఫ్లారెన్స్ స్విచ్ వేస్తుంది. పెళ్ళిలో పిల్లని అప్పగించినట్టుందని ల్యాబులో ఎవరో అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది.

చోటుతో పాటు అక్కడ జరిగినవి కూడా పోతాయని ఫ్లారెన్స్ ముందే చెప్పింది. అద్దె ఇంటితో పాటు ఇంటావిడ పేరూ, ఆవిడతో నీళ్ళ దగ్గర పడ్డ తగాదాలూ పోయాయి. "పోతే పోయాయి, శని వదిలింది" అంది వారిజ. పనికిరాని చోట్లే ఏరి ఏరి ఇచ్చేది కాబట్టి, నష్టపోతున్నానని ఆవిడకెప్పుడూ అనిపించలేదు.

అలాంటి రోజుల్లో నూకరత్నం వచ్చింది.

నూకరత్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఆకాశంలో వేలాడే అద్దాల క్యాబిన్లో కూర్చుని, ఓడల మీది కంటెయినర్లని ఎత్తి లారీల మీద పెడుతుంది. ముప్ఫై నిండని మనిషి, గట్టి చేతులు, నవ్వితే చెంపలు సొట్టలు పడతాయి. కాకపోతే ఆసుపత్రిలో ఆవిడ నవ్వగా ఎవరూ పెద్దగా చూడలేదు. గర్భసంచి లోపలుండాల్సిన పొరలాంటిది ఆవిడకి సంచి బయట, పేగుల మీదా నరాల మీదా మొలిచింది. నెలనెలా అది కూడా రక్తం కారుస్తుంది. బయటికి పోయే దారి లేక ఆ రక్తం అక్కడే గట్టిపడి, పక్కనున్నవాటినల్లా ఒకదానికొకటి అతికించేస్తుంది. డాక్టర్లు ఎండోమెట్రియోసిస్ అంటారు. నూకరత్నం అత్తగారు మాత్రం దొంగ నొప్పి అనేది.

అంతకుముందు వేరే చోట్ల రెండుసార్లు ఆపరేషన్ మొదలుపెట్టి, లోపలంతా ఒకే ముద్దగా అతుక్కుపోయి ఉండటం చూసి, ఏమీ చెయ్యలేక కుట్లు వేసి పంపేశారు. ఇప్పుడు ఆ ముద్ద ఎడమ కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే సన్నని గొట్టాన్ని, యురేటర్‌ని, పట్టి నొక్కేస్తోంది. కిడ్నీ ఉబ్బుతోంది. ఎక్కువ కాలం ఆగడానికి లేదు. ఆ ముద్ద చుట్టూ మూత్రసంచిని పనిచేయించే నరాలున్నాయి. తీసేటప్పుడు అవి తెగితే అంతే.

"తెగితే ఏటవుద్దండి మేడమ్?" అని నూకరత్నం అడిగింది.

"మూత్రం నీ అంతట నీకు రాదు. గొట్టం పెట్టుకుని తీసుకోవాలి. బతికున్నంత కాలం."

నూకరత్నం కాసేపు కిటికీలోంచి రేవు వైపు చూసింది. "గొట్టం పెట్టుకున్నోళ్ళని క్రేనెక్కనివ్వరండి. కిందున్నప్పుడు నానెవులికీ కనబడను. పైకెక్కితే మాత్రం ఓడ కెప్టెన్లు కూడా నా సెయ్యి కేసి సూస్తారు. ఆ పని పోతే నానేటి సేసేదండి?"

"తెగనివ్వను. నీ లోపల నడిచి చూసొస్తాను" అంది వారిజ.

*

స్కాన్ చూసి ఫ్లారెన్స్ పెదవి విరిచింది. "ఇదో పెద్ద చిక్కుముడి. ఇంత దానికి బస్టాండులూ బ్యాంకులూ ఆనవు. పెద్ద చోటేదైనా చూడు."

వారిజ ఆలోచించనే లేదు. "ఉంది. డిసెక్షన్ హాలు. మెడికల్ కాలేజీలో మొదటి ఏడాదంతా శవాలు కోస్తూ అక్కడే పడున్నాను. ఆ ఫార్మలిన్ కంపు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. ఇచ్చేస్తే పీడా పోతుంది."

ఫ్లారెన్స్ కూడా సరేనంది. ఆవిడ చదువు వేరు. శవాల గదిలో పిల్లలు ముక్కు మూసుకోవడం తప్ప ఇంకేం చేస్తారో ఆవిడకి తట్టలేదు. వారిజకైతే తన చదువు తన చేతుల్లో ఉందని గట్టి నమ్మకం. అది మొదట ఏ గదిలో చేతికొచ్చిందో ఆవిడ ఎప్పుడూ ఆలోచించుకోలేదు. ఇద్దరూ తెలివైనవాళ్ళే, ఇద్దరికీ ఆ మధ్యాహ్నం బుద్ధి గడ్డి తింది.

వారిజ కళ్ళు మూసుకుని చెప్పింది. పెద్ద గేటు, అరిగిపోయిన మెట్లు, తలుపు తియ్యగానే కళ్ళు మండటం, వరసగా రాతి బల్లలు, కిటికీ పక్క నాలుగో బల్ల తమ జట్టుది. మాట మెత్తబడింది. స్విచ్ పడింది.

కలలో ఆవిడ గోరంత మనిషై నూకరత్నం లోపల నిలబడి ఉంది. వెలుతురు గులాబి రంగులో ఎటు నుంచో తెలియకుండా వస్తోంది. కాళ్ళ కింద నేల మెత్తగా, వెచ్చగా ఉంది. గోడలు ఊపిరి తీస్తున్నాయి. చాలా దూరంలో పెద్ద రక్తనాళం కొట్టుకుంటున్న చప్పుడు ఊరవతల రైలు వెళుతున్నట్టు వినిపిస్తోంది. ఆవిడ నడిచింది. తెల్లని సన్న కాలువ ఒకటి ఉండుండి ఒళ్ళు విరుచుకుంటూ నడిమి గుట్టని ఆనుకుని సాగుతోంది. దాని మీదుగా ఎర్రటి వంతెన. ఆ తర్వాత దారులన్నీ బిగుసుకుపోయాయి. ఊదారంగు దిబ్బలు, వాటి నడుమ జారుడు సందులు. ఒకచోట బిగదీసిన తాడొకటి అడ్డం వచ్చింది. ఆవిడ దాని కింద నుంచి దూరి అవతలికి వెళ్ళింది. భయం వెయ్యలేదు. ఒక మనిషి లోపల ఇంత చోటుందా అని ఆశ్చర్యపోతూ, ప్రతి మలుపునీ చేత్తో తడిమి గుర్తు పెట్టుకుంటూ, నిద్ర తేలికపడేదాకా తిరిగింది.

లేచి బల్ల దగ్గర కూర్చుని గబగబా బొమ్మ గీసింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. "ఇదిగో, ఇక్కడ తాడు. ఇది తెంపేస్తే దారి విడుతుంది. వెనక దిబ్బ మొత్తం చేతికొస్తుంది."

ఫ్లారెన్స్ బొమ్మ మీదికి వంగింది. "ఆ తాడు ఎలా ఉంది?"

"సన్నటి దారాలు కలిపి పేనినట్టుంది. అవతల మళ్ళీ విడిపోయి మూత్రసంచి వైపు వెళ్ళాయి."

"నరం కాదు కదా అది?"

వారిజ తలెత్తింది. "నరమా? అక్కడ నరం ఉంటుందా?"

ఫ్లారెన్స్ మెల్లగా తెల్లని కాలువ మీద వేలు పెట్టింది. "మరి ఇదేంటి?"

"కాలువ" అంది వారిజ. అని, తన నోటి వెంట వచ్చిన మాట తనే విని, కలం కింద పెట్టేసింది.

ఆ సాయంత్రమంతా తన గది తలుపేసుకుని పాత పుస్తకాలు తిరగేసింది. చదివిన ముక్క చదివినట్టే అర్థమవుతోంది గానీ ఎక్కడా ఆనడం లేదు. చేసిన ఆపరేషన్లు గుర్తున్నాయి. దీపాలు గుర్తున్నాయి, పక్కన ఎవరు నిలబడ్డారో గుర్తుంది. ఆ జ్ఞాపకంలోకి తొంగి చూస్తే మాత్రం లోపల ఎర్రగా, తడిగా ఏదో ఉంది, దేని పేరూ తెలియడం లేదు. ఇన్నేళ్ళ పనితనమంతా ఆ కంపు కొట్టే హాలు మీద నిలబడి ఉందని అప్పుడు తెలిసింది. నూకరత్నం కడుపులో ప్రతి దారీ ఆవిడకి తెలుసు. ఏది సరైన చోట ఉందో, ఏది రోగం లాగితే పక్కకి వచ్చిందో మాత్రం తెలియదు. మంచి కడుపు ఎలా ఉంటుందో తెలియని మనిషికి రోగం కూడా ఊళ్ళో మామూలు ఇల్లులాగే కనిపిస్తుంది. ఆ తాడు తను కోసేసేదే. నవ్వుతూ కోసేసి, బాగా చేశానని ఇంటికి వచ్చి అన్నం తినేది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నూకరత్నానికి దాచకుండా చెప్పింది.

నూకరత్నం అర్థం కాక మొదట నవ్వింది, తర్వాత లేచి కూర్చుంది. "మర్సిపోనారా? సదువు మర్సిపోవడమేటండి?"

"నా తప్పే. ఇవ్వకూడనిది ఇచ్చేశాను."

"మీరు తెగనివ్వనన్నారు. ఆ మాట మీద నాను ఇంట్లో అందరితోటీ పోట్లాడి వొచ్చీసినాను. ఇప్పుడు నానేటవ్వాలి?" ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. వారిజ చాలాసేపు అక్కడే నిలబడింది. ఆవిడ మళ్ళీ ఇటు తిరగలేదు.

హైదరాబాదులో ఉన్న తన పాత శిష్యుడు దిలీప్‌కి వారిజ ఫోన్ చేసింది. మంచి సర్జన్. స్కాన్ చూసి నిజమే చెప్పాడు. "కిడ్నీ కాపాడగలను మేడమ్. ఆ నరాలు రోగం లోపలికి కూరుకుపోయాయి, ఏది ఎటుందో నాకు కనబడదు. మాటివ్వలేను." అతను టోపీ పెట్టుకుని నడవడం నేర్చుకోవాలంటే నెలలు పడుతుంది. అతని చేతులు, వారిజ మాటలు కలిపి చేద్దామా అనుకున్నారు. వెంట్రుకవాసి పనిని నోటితో చెప్పి చేయించడం కుదరదని ఇద్దరికీ తెలుసు.

దారి చెప్పింది ఫ్లారెన్సే. "ఏ రోగం లేని ఆడమనిషి లోపల నడువు. ఏది ఎక్కడుండాలో మెదడుకి పట్టేస్తుంది. అప్పుడు నూకరత్నం లోపల ఏది ఎంత కదిలిందో నీకే తెలుస్తుంది."

"ఎవరొప్పుకుంటారు?"

"నేను లేనా? పెళ్ళీ పెటాకులూ లేకుండా భద్రంగా దాచిన కడుపు. చూసి ఎవరికీ చెప్పకు." అలా అంటూనే ఫ్లారెన్స్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "కానీ వారిజా, ఈసారి నువ్వు నేర్చుకోవాల్సింది ఒక మనిషి కడుపు కాదు, అసలు కడుపంటే ఏంటో. ఇచ్చే చోటు ఎంత లోతుగా నాటుకుని ఉంటే ఇది అంత లోతుగా నాటుకుంటుంది. నచ్చని చోట్లు వంద ఇచ్చినా చాలదు."

అంత లోతైన చోటు ఆవిడకి ఒక్కటే ఉంది.

*

సోమశేఖర్ డ్యూటీ దిగి వచ్చి, వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. వారిజ పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది.

"రైల్వే క్వార్టర్స్ ఇచ్చేద్దామనుకుంటున్నాను" అంది.

ఆయన చెయ్యి ఆగింది. వారిజ పుట్టి పెరిగిన ఆ ఇల్లు ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన ఆవిడ జీవితంలోకి వచ్చేసరికి దాన్ని పడగొట్టేశారు. కానీ దాని సంగతులు ఆయనకి కంఠతా వచ్చు. వారిజ తండ్రి గూడ్సు బళ్ళ గార్డు, నెలలో సగం రోజులు పట్టాల మీదే. తల్లి చంద్రమ్మ నెలనెలా నొప్పితో వంటింటి గచ్చు మీద పడుకుండిపోయేది, చెంప చల్లటి నేలకి ఆనించి. స్టవ్వు దగ్గర స్టూలు మీద నిలబడ్డ పిల్లకి అక్కడి నుంచే వంట చెప్పేది. ఉప్పు ఇంకో చిటికెడు, మంట తగ్గించు, మూత పక్కకి పెట్టు. పిల్ల అలా వంట నేర్చుకుంది. ఆడవాళ్ళన్నాక ఉండేదే అని చుట్టుపక్కలవాళ్ళు అనేవారు. వారిజ ఇంటర్ చదువుతుండగా ఆవిడ పోయింది. ఆ నొప్పి పేరేంటో తెలుసుకోవాలనే వారిజ డాక్టరయింది.

"అమ్మ మొత్తం ఆ ఇంట్లోనే ఉంది కదా" అన్నాడు సోమశేఖర్. "ఇంకెక్కడా లేదు కదా."

"ఫోటో ఉంటుంది. పేరు ఉంటుంది."

"నాకు తెలిసినవన్నీ నీకు మళ్ళీ చెప్తాన్లే."

"చెప్తే వింటాను" అంది వారిజ. "ఎవరి అమ్మ గురించో విన్నట్టు వింటాను." అంతవరకూ బిగబట్టుకున్నది అక్కడ తెగింది. చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకునే ఏడ్చింది. ఆయన వద్దనలేదు. వద్దంటే అప్పగించడం మానుకుంటుందేమోనని ఆశ ఉంది. మానుకుంటే తర్వాత ఆవిడ ఎలా ఉంటుందో కూడా ఆయనకి తెలుసు. అందుకే ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సముద్రం మీద ఎండ పల్చగా ఉంది. వారిజ వాలి, టోపీ సర్దుకుని, చెప్పడం మొదలుపెట్టింది. తుప్పు పట్టిన గేటు, దాని మీద తను ఊగినప్పుడు వచ్చే కీచు చప్పుడు. తులసి లేని తులసికోట, అందులో అమ్మ పెంచిన పుదీనా. ముందు గది, నాన్న ఎర్ర పచ్చ జెండాలు తలుపు వెనక. నడవా దాటితే వంటిల్లు. గచ్చు మీద అమ్మ. నీలం రంగు వాయిల్ చీర, చెమటకి నుదుటికి అంటుకున్న జుట్టు. నొప్పి మధ్యలో కళ్ళు తెరిచి, స్టూలు మీదున్న నన్ను చూసి, కాలుతుంది, కొంచెం వెనక్కి జరుగమ్మా, అంటుంది. నేను వెనక్కి జరిగాను...

ఫ్లారెన్స్ స్విచ్ మీద వేలు పెట్టి చాలాసేపు నొక్కలేకపోయింది. చివరికి నొక్కింది.

ఈసారి కలలో ఎక్కడా బిగువు లేదు. పొరకీ పొరకీ మధ్య బూజు కంటే మెత్తని ఖాళీలు; చెయ్యి పెడితే చాలు, చుక్క రక్తం లేకుండా వాటంతటవే తెరుచుకుంటున్నాయి. తెల్లని కాలువ పక్క గోడని పట్టుకుని తన పాటికి తను దిగుతోంది. వంతెన లాంటి రక్తనాళం కింద నుంచి దూరి మూత్రసంచిలోకి పోతోంది. వెనక, పేగుకి రెండు పక్కలా, సాలెగూడు లాంటి నరాల వల పల్చగా పరుచుకుని ఉంది, ఎక్కడా తాడులా బిగుసుకోలేదు. అప్పుడు ఆవిడకి తెలిసింది. నూకరత్నం లోపల ఆ వలనే రోగం పేని, ముడేసి, నడిమికి లాక్కొచ్చింది. గర్భసంచిని ఆనుకుని తను చూసిన కాలువ అక్కడిది కాదు, దాన్నీ లాక్కొచ్చింది. చోటు తెలిసిన కొద్దీ పేర్లు కూడా ఒక్కొక్కటే, పుస్తకంలో మొన్న చదివినవే, వచ్చి వాటి వాటి గుమ్మాల ముందు నిలబడ్డాయి. ఆ వెచ్చని వెలుతురులో ఆవిడ హాయిగా, పరాయి ఊళ్ళో పండగ చూస్తున్న దానిలా తిరిగింది.

లేచేసరికి ఫ్లారెన్స్ ఎదురుగా కూర్చుని ఉంది.

"నీ లోపల ఎక్కడివి అక్కడే సర్దిపెట్టినట్టున్నాయి" అంది వారిజ. "హాస్టల్లో నీ అలమర చూసి ఇలా ఉంటుందని అనుకోలేదు." తర్వాత ఆవిడ మొహం పరీక్షగా చూసింది. "ఏంటి, కళ్ళు అలా వాచాయి? ఎందుకేడ్చావు?"

"ఏం లేదు" అంది ఫ్లారెన్స్. "దుమ్ము."

*

ఆపరేషన్‌కి ముందు నూకరత్నాన్ని మళ్ళీ అడిగింది, ఒప్పుకుంటావా అని. నూకరత్నం ఆవిడ కళ్ళలోకి చూసింది. "ఈసారి ఏదీ మర్సిపోలేదు కదండి?"

"నీకు పనికొచ్చేవి ఏవీ మరిచిపోలేదు" అంది వారిజ.

పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి, కెమెరా లోపలికి దింపారు. తెర మీద ఊదారంగు ముద్ద కనబడింది. వారిజ ముద్ద దగ్గరికి వెళ్ళనే లేదు. ఎగువన, రోగం ఇంకా చేరని చోట మొదలుపెట్టింది. అక్కడ యురేటర్ తన సొంత చోట ఉంది, తాకగానే ఒళ్ళు విరుచుకుంది. దాన్ని పట్టుకుని కిందికి, అది ఎక్కడ దారి తప్పిందో అక్కడిదాకా దిగింది. మంచి వైపు నుంచి చెడు వైపుకి, తెలిసిన చోటు నుంచి తెలియని చోటుకి. మెత్తని ఖాళీలు తెరిచింది. ఒక కల ఏది ఎక్కడుండాలో చెబుతోంది, ఇంకో కల ఏది ఎక్కడికి వెళ్ళిందో చెబుతోంది. రెండూ ఒకదాని మీద ఒకటి వాలి ఒక్కటే దారిగా కనిపిస్తుంటే ఆవిడ చేతులు నిదానంగా కదిలాయి. తాడు వచ్చింది. ఆవిడ కత్తెర పక్కన పెట్టించి, పేనిన దారాలని పోగు పోగునా విడదీస్తూ, మధ్యలో ఇరుక్కున్న రోగాన్ని చిదుపలుగా తీస్తూ పోయింది. చివరికి ఆ వల ఎడమ పక్క తన చోటికి తను జారి పల్చగా పరుచుకుంది.

కానీ చూడటానికి బాగున్నంత మాత్రాన నరం పనిచేస్తుందని లేదు. అది తెలిసేది ఆపరేషన్‌లో మూత్రసంచికి పెట్టిన గొట్టం తీసేశాకే.

గొట్టం తీసిన పూట నూకరత్నం బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. బయట ఆవిడ తల్లి పైడమ్మ, నర్సు, వారిజ. చాలాసేపయింది. లోపల ఏ చప్పుడూ లేదు.

"కొలాయి ఇప్పవే, నీళ్ళ సప్పుడికి అదే వొస్తాది" అని పైడమ్మ తలుపు దగ్గర అరిచింది. లోపల కొళాయి ధారగా పడటం మొదలైంది. ముగ్గురూ చెవులు రిక్కించారు. ఇప్పుడు ఏ నీళ్ళు ఏవో ఎవరికీ తెలియడం లేదు.

"కట్టెయ్యమనండి" అంది నర్సు విసుగ్గా.

కొళాయి ఆగింది. బకెట్లోకి చుక్క చుక్క కారి అదీ ఆగింది. వారిజ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మొదట ఏదో సన్నగా, ఉందా లేదా అన్నట్టు వినిపించింది. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి ఆగకుండా, ధారగా, నింపాదిగా. పైడమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద కూలబడిపోయింది.

తలుపు తీసుకుని వచ్చిన నూకరత్నం సిగ్గుపడుతూ నవ్వింది, చెంపలు సొట్టలు పడేలా. "ఏటే అందరూ అలా నిలబడిపోనారు, గుమ్మం కాడ?" పైడమ్మ లేచి కూతురి మొహమంతా తడిమి, జుట్టు సర్ది, ఇందాకటి నుంచీ ఏమీ తినలేదని తిట్టడం మొదలుపెట్టింది.

వారిజ అది చూస్తూ నిలబడింది. ఈ మాట వెంటనే ఎవరికో చెప్పాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూసింది. అందులో ఎవరూ కారు. నడవా చివరిదాకా వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది. ఆయన ఏదో ఓడ మీద ఉన్నాడు, గాలి హోరున వినిపిస్తోంది.

"నరాలు పనిచేస్తున్నాయి. తనంతట తనే వెళ్ళింది" అంది. ఆయన సంతోషంగా ఏదో అన్నాడు. ఆవిడ ఆగి, "ఇంకెవరికో కూడా చెప్పాలండీ. ఎవరికో గుర్తు రావడం లేదు" అంది.

"మీ అమ్మకి" అన్నాడాయన.

"మా అమ్మకా?" వారిజ ఆశ్చర్యపోయింది. "ఆవిడకి దీంతో పనేంటి?"

ఆయన చెప్పాడు. ఓడని కాలువలోకి తిప్పాల్సిన సమయం వచ్చేదాకా, రైల్వే క్వార్టర్స్ సంగతీ, వంటింట్లో గచ్చు సంగతీ, స్టూలు మీది పిల్ల సంగతీ తనకి తెలిసినంతా చెప్పాడు. వారిజ మధ్యలో అడ్డం రాకుండా, కొత్తగా వచ్చిన రోగి సంగతి వింటున్నంత శ్రద్ధగా విన్నది. నొప్పి ఎన్నేళ్ళున్నది, ఎటు వైపు ఎక్కువగా వచ్చేది అని అడిగింది. ఆయనకి తెలియదు. ఆ వివరాలు ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉండేవి.

"పాపం" అంది వారిజ. మనసు నిజంగానే కలుక్కుమంది. "ఆవిడకి ఎవరూ ఆపరేషన్ చెయ్యలేదా?"

"లేదు వారిజా" అన్నాడు సోమశేఖర్. "అప్పటికి నువ్వింకా చిన్నపిల్లవి."